రాజకీయ పార్టీల నమోదు సేవ: ఒక ఓటరు సమీక్ష

కొత్తగా పార్టీ పెట్టదలచినవారికి భారత ఎన్నికల సంఘం అందించే నమోదు సేవను దరఖాస్తుదారులతోపాటు ఓటర్లు కూడా పరిశీలించి చూడాలి. ఆ నమోదును నమ్మి ఓటో, విరాళమో ఇవ్వవలసినవారు వారే.

దరఖాస్తు దశ మెచ్చుకోదగినది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 29ఏ సెక్షన్ ప్రకారం పార్టీ ఏర్పడిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. రుసుము 10,000 రూపాయలు. ఓటర్లుగా నమోదైన కనీసం 100 మంది, తాము మరే నమోదిత పార్టీలోనూ సభ్యులం కామని ఎవరికి వారు అఫిడవిట్ ఇవ్వాలి. రాజ్యాంగానికి, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య సూత్రాలకు కట్టుబడి ఉంటామని పార్టీ నియమావళిలో స్పష్టంగా రాసుకోవాలి. ప్రతిపాదిత పేరును దినపత్రికల్లో ప్రకటించి, ప్రజల నుంచి అభ్యంతరాలు కోరే నిబంధన నాకు అన్నిటికన్నా నచ్చింది; పార్టీ పుట్టుకలో సామాన్యుడి మాటకు చోటిచ్చే ఘట్టం ఇదొక్కటే. 2020 నుంచి దరఖాస్తు పురోగతిని ఆన్‌లైన్‌లో తెలుసుకునే వీలు కూడా కల్పించారు.

నమోదైన పార్టీకి జాతీయ లేదా రాష్ట్ర పార్టీ హోదా ఇచ్చే గుర్తింపు వేరే సంగతి. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు దానికి ఓట్లు, సీట్ల కొలమానం పెట్టింది కనుక అక్కడ సందిగ్ధత తక్కువ.

అసలు లోపం నమోదు తర్వాతి పర్యవేక్షణలో ఉంది. మోసంతో నమోదు పొందడం వంటి కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, ఒకసారి ఇచ్చిన నమోదును రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అధికారం కావాలని సంఘం ఎప్పటినుంచో కోరుతున్నా చట్టం మారలేదు. ఈలోగా ఎన్నికల్లో పోటీ చేయని పార్టీలు పేరుకుపోయాయి. నమోదును రద్దు చేయలేకపోయినా, ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ నిలబడనివాటిని తన జాబితా నుంచి తొలగించే పనిని సంఘం చేపట్టగా, 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో మరో 474 పార్టీలు జాబితా నుంచి తొలగిపోయాయి. నమోదిత పార్టీ ఆదాయానికి షరతులతో పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి దీన్ని కేవలం రికార్డుల శుభ్రతగా కొట్టిపారేయలేం. పార్టీలు 20,000 రూపాయలు మించిన విరాళాల వివరాలు సమర్పించాలన్న నియమం మంచిదే గాని, అంతకన్నా చిన్న మొత్తాలుగా చూపిన సొమ్ము ఎవరిదో ఓటరుకు తెలిసే దారి లేదు.

ప్రవేశ నిబంధనల వరకు ఈ సేవను నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. పర్యవేక్షణకు మాత్రం మంచి మార్కులు వేయలేను. ఆ లోటు తీర్చవలసింది పార్లమెంటు.