అండాశయ క్యాన్సర్ ఆపరేషన్‌లో, చూడ్డానికి బాగున్న పొట్టలోని పొరను కూడా తీయించాలా? ఏది మేలు?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు నుంచి అండాశయ క్యాన్సర్ ఆపరేషన్ కోసం విశాఖ అగనంపూడికో, కటక్‌కో వెళ్లే మన వాళ్లను టెన్షన్ పెట్టే మాట ఒకటుంది: "బాగున్నట్టు కనిపించే భాగం కూడా కొంత తీసేస్తామండీ." బాగున్నదాన్ని ఎందుకు కోయాలని ఇంట్లో అందరూ అడుగుతారు. అడగాల్సిందే. కాకపోతే జవాబు ఏ భాగం తీస్తారన్నదాన్ని బట్టి మారుతుంది.

పేగుల ముందు వేలాడే కొవ్వు పొర ఓమెంటం. ఈ క్యాన్సర్ ముందుగా పాకే చోట్లలో అదొకటి. అది లేకపోయినా మనిషికి పెద్ద లోటు రాదు. తీయించడమే మేలు.

లింఫ్ గ్రంథుల (క్యాన్సర్ కణాలు పాకి చేరే చిన్న గ్రంథుల) సంగతి అలా కాదు. 2019లో వెలువడిన లయన్ ట్రయల్ (రోగుల మీద పోల్చి చూసిన పరిశోధన) ఫలితాలు చూడండి. ముదిరిన అండాశయ క్యాన్సర్ ఉండి, కనిపించే గడ్డంతా తీయగలిగిన 647 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలుగా కనిపించే గ్రంథులను కూడా తీశారు. వాళ్లలో 55.7 శాతం మందికి ఆ గ్రంథుల్లో క్యాన్సర్ బయటపడింది. ఇంతవరకే వింటే తీయడమే రైటు అనిపిస్తుంది. కానీ తీసిన వాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకు మించి బతికిన కాలం) 65.5 నెలలు, తీయని వాళ్లది 69.2 నెలలు. అంటే తీసినందువల్ల మేలేమీ కలగలేదు. పైగా తీసిన వాళ్లలో 12.4 శాతం మందికి మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చింది, తీయని వాళ్లలో అది 6.5 శాతమే. 60 రోజుల్లోపు మరణాలు తీసిన వాళ్లలో 3.1 శాతం, తీయని వాళ్లలో 0.9 శాతం. క్యాన్సర్ దొరకడం వేరు, దాన్ని తీసినందువల్ల ఎక్కువ కాలం బతకడం వేరు.

అసలు చిక్కు పెరిటోనియం దగ్గర, అంటే పొట్ట గోడకు లోపలివైపు అంటుకుని ఉండే పలుచని పొర దగ్గర. దాన్ని భాగాలుగా ఒలిచే పద్ధతులను అమెరికా సర్జన్ పాల్ షుగర్‌బేకర్ 1995లో వివరించారు. ఎక్కడెక్కడ జబ్బు కనిపిస్తే అక్కడే ఒలవాలనేది ఒక దారి, మొత్తం ఒలిచేయాలనేది ఇంకో దారి. రెండో దారి వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేయలేనిది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన కీమోకు గడ్డలు కరిగి, పొర నున్నగా కనిపిస్తుంది. లోపల కణాలు మిగిలే ఉండొచ్చు, కంటికీ చేతికీ అందవు. కానీ మొత్తం ఒలిస్తే ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, రక్తం ఎక్కువ పోతుంది. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) మీది పొర ఒలిస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు. ఇంతా చేస్తే ఆయుష్షు పెరుగుతుందనడానికి గట్టి రుజువు ఇంకా లేదు.

అందుకే నేను మొదటి దారి వైపే మొగ్గుతాను: కనిపించే జబ్బు, దాని చుట్టుపక్కల పొర, కీమో తర్వాత మచ్చలా మిగిలిన చోట్లు. మొత్తం ఒలవాలంటే, అలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే టీమ్ ఉండాలి, మంచి ఐసీయూ ఉండాలి, రోగికి తట్టుకునే ఒంటి బలం ఉండాలి. మనకు ఇంకో లెక్క కూడా ఉంది. డిశ్చార్జి అయి గుణుపూర్ వచ్చాక రాత్రిపూట జ్వరమొచ్చి కడుపు ఉబ్బితే, కోసిన డాక్టరు గారు చాలా దూరంలో ఉంటారు. పెద్ద ఆపరేషన్‌కే ఒప్పుకుంటే, ఆయన సరే అనేదాకా ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉండండి.

"ఏ భాగం తీస్తారు, ఎందుకు, తీయకపోతే ఏమవుతుంది?" అని సంతకం పెట్టకముందే అడగండి. రెండో అభిప్రాయానికి రిపోర్టు కాగితాలొక్కటే సరిపోవు. సీటీ స్కాన్ సీడీ, బయాప్సీ స్లైడ్లు (గడ్డ ముక్కను పరీక్షించిన గాజు పలకలు) కూడా అడిగి తీసుకోండి.