టాప్ తీసి భీమిలి, టాప్ వేసి అరకు: రెండో కారుగా రోడ్‌స్టర్ కొందామనుకునే వైజాగ్ వాళ్ళ కోసం

వైజాగ్‌లో ఉండి కూడా రోడ్‌స్టర్, అంటే టాప్ తీసి నడిపే రెండు సీట్ల కారు కొనకపోతే ఇంకెక్కడ కొంటాంరా అని మా బావ ఎప్పట్నుంచో అంటున్నాడు. ఇంట్లో ఇన్నోవా ఉంది, పెళ్ళిళ్ళకీ సింహాచలానికీ అదే వెళ్తుంది, దాని పని దానిదే. రెండో కారు మాత్రం అచ్చంగా సరదా కోసం, ఆదివారం తెల్లారగట్ల ఇద్దరం ఎక్కి భీమిలి దాకా వెళ్ళి టిఫిన్ చేసి వచ్చేయడానికి. యూట్యూబ్‌లో రివ్యూలు చూస్తే విదేశాల్లో ఖాళీ రోడ్ల మీద నడిపి చెప్తారు, అది మనకేం పనికొస్తుంది చెప్పండి. అందుకే మన బీచ్ రోడ్డు మీద ఒకసారి, మన అరకు ఘాట్‌లో ఒకసారి నడిపి చూసి అప్పుడు డబ్బులు తీద్దాం అని నేను పట్టుబట్టాను. హైదరాబాద్ నుంచి మా ఫ్రెండ్ తన బీఎండబ్ల్యూ జీ4 (Z4) వేసుకొచ్చాడు, ఊళ్ళోనే ఉన్న డాక్టర్ గారు తన మినీ కూపర్ కన్వర్టిబుల్ ఇచ్చి తనూ వచ్చారు, లాసన్స్ బే కాలనీలో అమ్మకానికి ఉన్న పాత జీ4 ఒకటి ఓనర్ గారే పక్కన కూర్చుని నడపనిచ్చారు.

ముందు బళ్ళ గురించి కాస్త చెప్తా, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. మా ఫ్రెండ్ తెచ్చిన కొత్త తరం జీ4 ఎం40ఐ రెండు సీట్ల అసలు సిసలు రోడ్‌స్టర్, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 340 హార్స్‌పవర్, బట్ట టాప్, 2023లోనే ఎక్స్‌షోరూం 89 లక్షల పైన ఉండేది. మినీకి నాలుగు సీట్లు కాబట్టి లెక్క ప్రకారం దాన్ని రోడ్‌స్టర్ అనకూడదు, డాక్టర్ గారిది 192 హార్స్‌పవర్ పాత మోడల్, ముందు చక్రాల డ్రైవ్. పాత జీ4, అంటే 2009లో వచ్చిన తరం, దానికి మడతపడే మెటల్ టాప్, 35ఐ ఇంజిన్ 306 హార్స్‌పవర్. అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా మాజ్డా మియాటా కొనండి అంటాడు, వాడు చెప్పేది నిజమే, 1989లో వచ్చినప్పటి నుంచీ చిన్న ఇంజిన్, తక్కువ బరువు అనే మాట మీదే నిలబడి పది లక్షలు దాటి అమ్ముడుపోయిన బండి అది, కానీ ఇండియాలో కంపెనీయే అమ్మట్లేదు కాబట్టి ఆ మాట అక్కడితో సరి. మనవాళ్ళు చేసిన శాన్ స్టార్మ్ గుర్తుందా ఎవరికైనా, ఫైబర్ బాడీ, రెనో 1.2 లీటర్ల ఇంజిన్, అలాంటి చవక రెండు సీట్ల బండి ఎవరైనా మళ్ళీ చేస్తే నేను మొదటి రోజే బుక్ చేస్తా.

బీచ్ రోడ్డుతో మొదలెట్టాం. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్న పూట కొంతసేపు వాకర్ల కోసం బళ్ళు ఆపేస్తారు, అందుకని లాసన్స్ బే నుంచి ఎక్కి తెన్నేటి పార్కు, కైలాసగిరి కింద నుంచి జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ మీదుగా వెళ్ళాం. ఎందుకో గానీ ఈ రోడ్డుని అందరూ స్పీడ్ రోడ్డు అనుకుంటారు, నా మాట వినండి, ఓపెన్ టాప్‌కి ఇక్కడ 50, 60 స్పీడే బంగారం. ఆ స్పీడులో అలల చప్పుడు వినిపిస్తుంది, రుషికొండ మలుపు దగ్గర చేపల వాసన, తొట్లకొండ దాటాక జీడిమామిడి తోటల గాలి, అన్నీ తెలుస్తాయి, పక్కవాళ్ళతో మామూలుగా మాట్లాడుకోవచ్చు. 90 దాటితే గాలి హోరు తప్ప ఏమీ ఉండదు, పైగా ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఫొటోలకి ఆగిన వాళ్ళు చూడకుండా రోడ్డు దాటేస్తుంటారు. అంటే 340 హార్స్‌పవర్‌లో మూడొంతులు ఇక్కడ నిద్రపోతూనే ఉంటుంది. మినీలో అలా కాదు, 50లో కూడా మలుపు తిప్పితే నవ్వొస్తుంది, స్టీరింగ్ అంత చురుగ్గా ఉంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరే చెప్పాలి. కొత్త జీ4 నేలకి నాలుగున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఊళ్ళ దగ్గర వేసిన గుండ్రటి బ్రేకర్లని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించుకుంటూ దాటాలి, వెనకాల ఆటోవాడు హారన్ కొడుతూనే ఉంటాడు. రెండు మూడు దాటాక చెయ్యి అలవాటు పడుతుంది గానీ పక్కన అత్తయ్యగారిని కూర్చోబెట్టుకున్నప్పుడు మాత్రం ఇబ్బందే.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే వైపు బళ్ళు ఆపి టీ తాగుతుంటే టీ కొట్టాయన పాత జీ4 చుట్టూ తిరిగి చూసి "ఇదేటి బాబూ, రేకు మడతెట్టి డిక్కీలో ఎట్టేసినారు, మరి సామానెక్కడెడతారు?" అన్నాడు. అసలు ప్రశ్న అదే అండీ. ఆ బండికి టాప్ వేసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తీస్తే 180. రెండు మెత్తటి సంచులు పడతాయి, సూట్‌కేస్ పట్టదు. కొత్త జీ4లో టాప్ వేసినా తీసినా 281 లీటర్లే, అది చాలా పెద్ద ప్లస్. మినీలో టాప్ తీస్తే 160, కానీ వెనక సీట్ల మీద సంచులు పడేయొచ్చు, ఆ సీట్లు ఎలాగూ పెద్దవాళ్ళకి సరిపోవు.

సాయంత్రం దాకా సముద్రం పక్కన ఉంటే అద్దం మీద జిగురు జిగురుగా ఉప్పు పొర పడుతుంది, వైపర్ వేస్తే అలుక్కుపోతుంది. ఇక్కడ రోడ్‌స్టర్ కొనేవాళ్ళు ఇంజిన్ కన్నా దీని గురించి ఎక్కువ ఆలోచించాలి. రాగానే మంచినీళ్ళతో, ముఖ్యంగా బండి కింద భాగం, కడిగించాలి. ఊళ్ళో ఒక వాషింగ్ సెంటర్‌లో కుర్రాడు ప్రెషర్ గన్ తెచ్చి నేరుగా బట్ట టాప్ కుట్ల మీద పెట్టబోయాడు, వద్దు బాబూ అని ఆపి మెత్తటి బ్రష్షూ బకెట్టూ అడిగాం, విసుక్కున్నాడు గానీ ఇచ్చాడు. టాప్ అంచుల్లో నీళ్ళు పోయే సన్నటి దారులుంటాయి, ఆకులూ ఇసకా చేరి అవి మూసుకుపోతే నీళ్ళు లోపలికి దిగుతాయి. 2002లో వచ్చిన మొట్టమొదటి జీ4లో టాప్ నడిపే హైడ్రాలిక్ మోటార్ ఆ నీళ్ళు చేరే చోటే ఉండేది, అలా మునిగి పాడైన బళ్ళు చాలా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు టాప్ ఒకసారి తీసి వేయించి సరిపెట్టుకోకండి, వరసగా చేయించండి, కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి, వాసన చూడండి.

ఆ రాత్రికి రుషికొండ, భీమిలి మధ్య ఒక చిన్న రిసార్ట్‌లో ఉన్నాం. గది మామూలే, ఏసీ చప్పుడు, కానీ పార్కింగ్‌కి పైన షెడ్డు ఉంది, గేటు దగ్గర గచ్చు చదునుగా ఉంది, వాచ్‌మన్ రాత్రంతా లైటు వేసి ఉంచాడు. ఓపెన్ టాప్‌తో తిరిగేవాళ్ళకి నా లెక్కలో ఇదే ఫైవ్ స్టార్. పొద్దున్నే లేచి చూస్తే మంచు తడి టాప్ మీద పడలేదు, సీట్లు పొడిగా ఉన్నాయి.

అరకు తెల్లవారుజామున బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా టాప్ వేసే ఉంచండి, లారీల పొగ, క్రషర్ దుమ్ము నేరుగా మొహం మీదకే వస్తాయి, రోడ్‌స్టర్‌లో మన తల లారీ చక్రం ఎత్తులో ఉంటుంది మరి. బొడ్డవర దాటాక తీశాం. అక్కడి నుంచి తైడ, అనంతగిరి వరకు ఉన్న ఘాట్ కోసమైనా ఈ బండి కొనొచ్చు అనిపించింది. పైన చెట్ల కొమ్మలు, మధ్యలో ఎక్కడో కిరండూల్ లైను మీద గూడ్స్ బండి కూత, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. మామూలు కారులో ఇవన్నీ కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి, ఇందులో తల ఎత్తితే చాలు.

బళ్ళ అసలు తేడా ఇక్కడే తెలిసింది. కొత్త జీ4 వెడల్పు 1864 మిల్లీమీటర్లు, మినీది 1727. కాగితం మీద ఇది పెద్ద తేడాలా కనపడదు, కానీ హెయిర్‌పిన్‌లో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు ఆ ఐదంగుళాలే ధైర్యం. జీ4లో మనం వెనక చక్రాలకి దగ్గరగా కూర్చుంటాం, ముందు పొడుగు బానెట్, మలుపులో ముక్కు తిరిగాక మన సీటు తిరుగుతుంది, ఆ ఫీలింగ్ మినీలో రాదు, అది ఒప్పుకోవాలి. పైకి వెళ్ళేటప్పుడు రెండో గేర్‌లో ఆ ఆరు సిలిండర్ల శబ్దం కొండకి తగిలి వెనక్కి వస్తుంటే బావ మొహం చూడాలి!

అనంతగిరికి ముందు ఉన్నట్టుండి మబ్బు దిగి చినుకులు మొదలయ్యాయి. జీ4లో బటన్ నొక్కితే నడుస్తుండగానే, 50 లోపు స్పీడులో, పది సెకన్లలో టాప్ పడిపోయింది. మినీకి 18 సెకన్లు, అదీ 30 లోపే, ఘాట్‌లో ఎలాగూ అంతకన్నా ఎక్కువ పోం కాబట్టి ఇద్దరం తడవలేదు. మినీలో ఇంకో సౌకర్యం ఉంది, మొత్తం తీయకుండా ముందు భాగం మాత్రం 40 సెంటీమీటర్లు సన్‌రూఫ్‌లా జరపొచ్చు. కోతులున్న చోట అదే దిక్కు. బొర్రా మలుపు దగ్గర మొక్కజొన్న పొత్తులు ఒళ్ళో పెట్టుకుని టాప్ తీసి ఆగారా, అయిపోయారు. ఎక్కడ ఆగినా ముందు టాప్ వేయండి, తర్వాత తినండి.

బొర్రా గుహలు, గాలికొండ వ్యూ పాయింట్ అందరికీ తెలిసినవే, కొత్తగా చెప్పను. గాలికొండ దగ్గర కాఫీ మాత్రం తాగండి. బొంగు చికెన్ రోడ్డు పక్కన కళ్ళ ముందు వెదురు బొంగు కాల్చి ఇచ్చే చోట తినండి, ముందే కాల్చి పెట్టింది వద్దు.

అరకులో ఆన్‌లైన్‌లో బుక్ చేసిన హోటల్ పెద్ద తలనొప్పి అయింది. 'కార్ పార్కింగ్ ఉంది' అని రాశారు, ఉంది, కానీ సెల్లార్ ర్యాంప్ నిటారుగా ఉండి జీ4 ముందు బంపర్ దిగలేదు. రిసెప్షన్‌లో అడిగితే రోడ్డు మీద పెట్టుకోండి సార్ అన్నారు. బట్ట టాప్ బండి రాత్రంతా రోడ్డు మీద ఎవరు పెడతారు? డబ్బులు కూడా వెనక్కి ఇవ్వనన్నారు. చివరికి పక్క ఇంటి పెద్దాయన తన ఖాళీ స్థలంలో పెట్టుకోనిచ్చారు. ఈసారి వెళ్తే తైడలో ఏపీ టూరిజం వాళ్ళ జంగిల్ బెల్స్‌లో గానీ, అనంతగిరిలో గానీ దిగుతా. తైడ ఘాట్ మొదట్లోనే ఉంది, పొద్దున్నే ట్రాఫిక్ రాకముందే పైకీ కిందకీ నడుపుకోవచ్చు, మనకి కావలసింది ఊరు కాదు కదా, రోడ్డే. ఎక్కడ బుక్ చేసినా ముందు ఫోన్ చేసి ర్యాంప్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి.

దిగేటప్పుడు ఎస్.కోట దగ్గర జీ4 వెనక టైరుకి మేకు దిగింది. ఈ బళ్ళల్లో స్టెప్నీ ఉండదు. పంక్చర్ షాపులో జాకీ బండి కిందకి దూరలేదు, అంత కిందకి ఉంది. షాపాయన కంగారు పడకుండా రెండు చెక్క పలకలు తెచ్చి చక్రం వాటి మీదకి ఎక్కించమన్నాడు, ఆ ఎత్తుతో జాకీ దూరింది, ట్యూబ్‌లెస్ ప్లగ్ వేసి గాలి కొట్టి పంపించాడు. మామూలు కార్లకి తీసుకునేదే తీసుకున్నాడు, ఎక్కువ ఇస్తే వద్దన్నాడు. ఇప్పుడు మా ఫ్రెండ్ డిక్కీలో రెండు చెక్క ముక్కలు పర్మనెంటుగా ఉంటున్నాయి, మీరూ పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ గురించి కూడా అడుగుతారు. 2025లో ఎంజీ సైబర్‌స్టర్ 75 లక్షల ఎక్స్‌షోరూం ధరకి వచ్చింది, 510 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవర్ లాంటి లెక్కే), తలుపులు పైకి లేస్తాయి. చూడ్డానికి అద్భుతం. కానీ దగ్గర దగ్గర రెండు టన్నుల బరువు, నాకు రోడ్‌స్టర్ అంటే తేలిగ్గా ఉండాలి, పైగా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పైన పైపులు వేలాడుతుంటాయి, ఆ తలుపులు తెరిస్తే వాటికే తగులుతాయి.

మరి ఏది కొనాలి? సొంత ఇల్లు, మూసిన గ్యారేజ్ ఉంటే బట్ట టాప్ జీ4, అదీ కాస్త వాడినది. ఓపెన్ పార్కింగ్ తప్పదంటే ఆ పాత మెటల్ టాప్ జీ4, టాప్ మెకానిజం బాగా చూపించుకున్నాకే. చిన్న పిల్లలుంటే మినీ, రెండో మాట లేదు, ఎందుకంటే పిల్లల్ని వదిలేసి వెళ్ళే బండి మన ఇళ్ళల్లో ఆర్నెల్లు తిరక్కుండానే కవర్ కిందకి పోతుంది. ఏ కంపెనీ అయినా టాప్ రిపేర్ వైజాగ్‌లోనే చేస్తారా, హైదరాబాద్‌కి లారీ మీద పంపిస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి.

బావకి ఇద్దరు పిల్లలు, పెద్దది మూడో క్లాసు. మినీలో వెనక కూర్చుని భీమిలి దాకా చేతులు పైకెత్తి అరుస్తూనే ఉంది. అక్క కూడా జీ4 ఎక్కి దిగి, దిగడానికి చెయ్యి ఇవ్వాల్సి వస్తే నాకొద్దు అనేసింది. వాడిన మినీ కన్వర్టిబుల్ కోసం ఇప్పుడు చూస్తున్నాం, టాప్ సర్వీస్ రికార్డు ఉండి, వానాకాలం బయట నిలబెట్టని బండి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, రంగు ఏదైనా పర్లేదు గానీ నలుపు మాత్రం వద్దు, మే నెలలో ఆ సీటు మీద కూర్చోలేం.