చెరువు కట్ట, బీవర్ కట్ట

తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్లు, మరో పక్క పల్లంలో పొలాలు కనిపిస్తాయి. నీళ్లు వదలడానికి తూము, ఎక్కువైతే పారడానికి మరవ మన చెరువులకు తప్పనిసరి. ఉత్తర అమెరికా, యూరప్ వాగుల మీద బీవర్ కట్టే కట్టకు ఆ రెండూ ఉండవు. (బీవర్‌ను నీటికుక్కగా పొరబడేవారున్నారు, నీటికుక్క చేపలు తింటుంది, ఇది బెరడు తినే ఎలుక జాతి జీవి.) కొరికి పడేసిన కొమ్మలను పేర్చి, సందుల్లో బురద కూరుతుంది గనుక ఆ కట్ట కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. మన కట్ట కారితే అంత తేలిక కాదు; 2021 నవంబరులో రాయలచెరువుకు లీకేజీ ఏర్పడి దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు.

అసలు తేడా పూడికలో ఉంది. మనకు పూడిక అంటే నష్టమే: చెరువు లోతు తగ్గి, చివరి ఆయకట్టుకు నీరందదు, వేసవిలో ఆ ఒండ్రును తవ్వి పొలాలకు తోలుకుంటాం. బీవర్ మడుగుకు మాత్రం పూడికే భవిష్యత్తు. మునిగిన చెట్లు మోడులై వడ్రంగి పిట్టలకు తొర్రలిస్తాయి, అంచుల్లో జమ్ము పెరుగుతుంది, కప్పలు గుడ్లు పెడతాయి, చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పెరుగుతుంది. దగ్గరి చెట్లు అయిపోయాక బీవర్లు వలసపోతాయి. మరమ్మతు లేని కట్ట తెగి, నీరు జారిన చోట ఒండ్రు మీద పచ్చిక బయలు ఏర్పడి, దశాబ్దాలపాటు నిలుస్తుంది.

వంతులవారీగా సాగునీరు కావాలంటే చెరువుకు సాటి లేదు. పక్షులకూ కప్పలకూ అయితే, నా లెక్కలో బీవర్ మడుగే మేలు.