గోల్డ్‌ఫింగర్: ఒకే బాణీ మీద నిలిచిన ఆల్బమ్

1964లో వచ్చిన మూడవ జేమ్స్ బాండ్ చిత్రం ‘గోల్డ్‌ఫింగర్’ సంగీతం 2003లో మెరుగుపరచిన ధ్వనితో సీడీగా మళ్లీ వెలువడింది. మొదటి చిత్రానికి మాంటీ నార్మన్, రెండవ చిత్రపు టైటిల్ పాటకు లయొనెల్ బార్ట్ బాణీలు కట్టగా, ఈసారి పాటనూ నేపథ్య సంగీతాన్నీ జాన్ బారీ ఒక్కడే సమకూర్చాడు. ఆ మార్పు వల్ల చిత్రానికి కలిగిన మేలు ఈ సీడీలో అడుగడుగునా వినిపిస్తుంది.

లెస్లీ బ్రికస్, ఆంథనీ న్యూలీ రాసిన పాట కథానాయకుణ్ణి పొగడకుండా, ప్రతినాయకుడైన గోల్డ్‌ఫింగర్ వలలో పడవద్దని ఆడవాళ్లను హెచ్చరిస్తుంది. షర్లీ బాస్సీ ఆ దుర్మార్గుడి పేరును సాగదీసి పలకగానే, ట్రంపెట్లు, ట్రాంబోన్లు గుర్రుమంటూ రెండే స్వరాలతో బదులిస్తాయి. గాయని నోటి మాటను వాద్యాలు వెక్కిరిస్తున్నాయా, సమర్థిస్తున్నాయా అన్నది చివరిదాకా తేలదు. ముగింపులో ఆమె తారస్థాయిలో నిలబెట్టిన స్వరం వింటుంటే మనకే ఊపిరి ఆడనట్లుంటుంది. ఇంత గొంతు అవసరమా అనేవారు ఉండవచ్చు గాని, ఇంతకంటే తగ్గించి పాడితే ఆ వాద్యాల హోరుకు ఎదురు నిలవడం కష్టం.

తరువాత ఆ బాణీ వేషాలు మారుస్తూ పోతుంది. స్విస్ కొండదారిలో కారు ప్రయాణానికి అదే బాణీ వయొలిన్ల మీద మెత్తగా, దాదాపు ప్రేమగీతంలా సాగుతుంది. ప్రతినాయకుడి కర్మాగారం దగ్గరికి వచ్చేసరికి లోహపు గలగలలు తోడై, బంగారపు చలువ చెవికి తగులుతుంది. అమెరికా ప్రభుత్వపు బంగారం దాచే ఫోర్ట్ నాక్స్ మీద దాడి సన్నివేశానికి కూర్చిన సంగీతం ఈ ఆల్బమ్‌కు తలమానికం. సైనిక డ్రమ్ముల సన్నని దరువుతో మొదలై, ఒక్కొక్క వాద్యాన్నీ చేర్చుకుంటూ, తొందరపడకుండా పెరుగుతుంది. మయామీ ఘట్టపు జాజ్ మాత్రం సరదాకే తప్ప గుర్తుండదు.

1965 మార్చిలో అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో అగ్రస్థానానికి చేరిన ఈ సంగీతం అప్పట్లో అక్కడి శ్రోతలకు పూర్తిగా అందలేదు. బ్రిటిష్ ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు)లో ఉన్న నాలుగు ఘట్టాలు అమెరికన్ ఎల్పీలో లేవు. సీడీ వాటిని చేర్చింది గాని, కథాక్రమంలో కాకుండా ముగింపు సంగీతం తరువాత వరుసగా అతికించింది. దానితో, బాండ్‌ను బల్లకు కట్టి లేజర్ కిరణాన్ని అంగుళం అంగుళం దగ్గరికి తెచ్చే ఘట్టపు సంగీతం, ప్రతినాయకుడు చనిపోయిన తరువాత వినిపిస్తుంది! టైటిల్స్‌కు ముందు రావలసిన బాండ్ సాహసపు సంగీతం అయిదవ స్థానంలో ఉంది. కొనదగిన సీడీయే, అయితే వరుసను మీరే సరిచేసుకుని వినండి.