ఒక్క క్లిక్ చాలు: కొత్తవాళ్ల చేతిలో విండోస్ 11 డెస్క్‌టాప్

స్టార్ట్ మెనూ ఒక్క నొక్కుకే తెరుచుకుంటుంది, టాస్క్‌బార్ కూడా అంతే. అదే ఐకాన్ డెస్క్‌టాప్ మీద ఉంటే మాత్రం రెండుసార్లు నొక్కాలి. ఫోన్‌లో అన్నీ ఒక్క తాకుడుతో తెరిచిన వేలికి ఈ తేడా ఎంతకీ అలవాటు కాదు. కొత్తవాళ్లు మొదటి వారంలోనే భయపడి మౌస్ వదిలేసేది ఇక్కడే.

మా ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌లో చాలాకాలంగా విండోస్ 11 ఉంది. మిగతా హంగులు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. డెస్క్‌టాప్ ఐకాన్లు కూడా ఒక్క నొక్కుకే తెరుచుకునేలా చేసే సింగిల్ క్లిక్ సెట్టింగ్ గురించే చెప్పాలి. ఇంత చిన్న మార్పు ఇంత మేలు చేస్తుందని నేను అనుకోలేదు.

విండోస్ కీ పట్టుకుని ఇ నొక్కితే ఫైళ్లు, ఫోల్డర్లు చూపే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. పైన మూడు చుక్కలు, అందులో ఆప్షన్స్. జనరల్ ట్యాబ్‌లో ‘సింగిల్ క్లిక్ టు ఓపెన్ యాన్ ఐటమ్’ ఎంచుకోవాలి. దాని కిందే పేర్లకు గీత ఎప్పుడు కనిపించాలో అడుగుతుంది. ఎప్పుడూ ఉండేలా పెట్టి ఓకే కొట్టండి. ఎక్కడ నొక్కవచ్చో కొత్తవాళ్లకు కంటికే తెలుస్తుంది, పైగా ఐకాన్ దగ్గరికి రాగానే మౌస్ బాణం చెయ్యి బొమ్మగా మారుతుంది.

డబుల్ క్లిక్ ఎందుకు తప్పుతుందో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. రెండు నొక్కుల మధ్య విండోస్ ఇచ్చే గడువు మామూలుగా 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. ఆ గడువు దాటితే రెండోది వేరే క్లిక్ అవుతుంది. ఐకాన్ పేరు మీద అలా నిదానంగా రెండుసార్లు నొక్కితే ఫైల్ తెరుచుకోదు, పేరు మార్చే పెట్టె వస్తుంది. కంగారులో ఏదో అక్షరం నొక్కారా, పాత పేరు చెరిగిపోతుంది. అప్పుడు ఎస్కేప్ నొక్కాలి, ఎంటర్ కాదు. సింగిల్ క్లిక్ పెట్టాక ఈ బాధ పూర్తిగా పోయింది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. బటన్ నొక్కి ఉంచి మౌస్‌ను సుమారు 4 పిక్సెళ్లు (తెర మీది అతి చిన్న చుక్కలు) కదిపితే చాలు, విండోస్ దాన్ని లాగడం కింద లెక్కేస్తుంది. చెయ్యి వణికి అలా పక్క ఐకాన్ మీదికి జారితే ఫైల్ వెళ్లి ఆ ఫోల్డర్లోనో, తీసేసిన ఫైళ్లు చేరే రీసైకిల్ బిన్‌లోనో పడుతుంది. ‘నా ఫైల్ పోయింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. వెంటనే డెస్క్‌టాప్‌పై ఖాళీ చోట ఒకసారి నొక్కి, కంట్రోల్ పట్టుకుని జెడ్ కొడితే ఫైల్ తిరిగి వస్తుంది. ఈ మధ్యలో ఇంకేమీ చెయ్యకూడదు. ఫోల్డర్లను ఒక అంచున, ఫైళ్లను ఇంకో అంచున పెడితే ప్రమాదం సగం తగ్గుతుంది.

ఇక్కడ నా మెచ్చుకోలును కొంచెం తగ్గించుకోవాలి. సింగిల్ క్లిక్‌లో నొక్కేది ఒక్కసారే కాబట్టి జారే అవకాశం తగ్గుతుందే కానీ 4 పిక్సెళ్ల లెక్క మారదు. పైగా ఐకాన్‌ను ఎంచుకోవడానికి నొక్కనక్కర్లేదు, దాని మీద బాణం కాసేపు ఆగినా ఎంపికైపోతుంది. అలాంటప్పుడు డిలీట్ కీ తగిలితే కష్టం. పేరు మార్చాలంటే ఐకాన్‌ను ఎంచుకుని ఎఫ్2 కీ నొక్కడం నేర్పాలి. ఇప్పటికే డబుల్ క్లిక్ అలవాటైనవాళ్లు కూర్చుంటే కొన్ని ప్రోగ్రాములు రెండేసి తెరుచుకుంటాయి.

మా కంప్యూటర్ వాడేవాళ్లంతా అరవై దాటినవాళ్లే, బయట ఎక్కడా కంప్యూటర్ ముట్టుకోరు. కాబట్టి మాకు ఇది సరిపోయింది. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లకైతే ఈ సెట్టింగ్ పెట్టను. రేపు ఆఫీసులో అందరి కంప్యూటర్లలోనూ డబుల్ క్లిక్కే ఉంటుంది. వాళ్లకు మౌస్ సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగాన్ని స్లో వైపు జరిపి, చెయ్యి కుదిరేకొద్దీ మధ్యకు తెస్తే చాలు.