రొయ్యల రైతు ఫోన్‌లో వీడియో సిఫార్సులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నేను భీమవరం పక్కన వనామీ రకం రొయ్యల సాగు చేస్తాను. చాలా ఏళ్లుగా ఒకే వీడియో యాప్ వాడుతున్నాను. సాగులో ఎన్నో సంగతులు దాంట్లోనే నేర్చుకున్నాను. మనం అడగకుండానే అది వరసగా చూపించే వీడియోల సంగతి తోటి రైతులకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తింటున్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెం) మేత ఎందుకు మిగులుతోందని వెతికి రెండు మూడు వీడియోలు చివరిదాకా చూస్తే చాలు, మర్నాటికల్లా చెరువు నీటిలో ఆల్కలినిటీ (క్షారగుణం), అమ్మోనియా, రొయ్యలకు పట్టే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి గురించిన వీడియోలు వచ్చేస్తాయి. ఆ పేర్లు నేను టైపు చేసినవి కావు. ఈహెచ్‌పీ సోకితే రొయ్య ఎదుగుదల కుంటుపడుతుందని, అందుకే సీడ్ (రొయ్య పిల్లలు) చెరువులో దింపకముందే ల్యాబులో పీసీఆర్ టెస్టు చేయించాలని నాకు మొదట తెలిసింది అలా వచ్చిన వీడియోలోనే. ఈ ఒక్క విషయంలో యాప్‌కి పూర్తి మార్కులు వేస్తాను.

మన అవసరం దానికెలా తెలుస్తుంది? లైకులు, సబ్‌స్క్రైబులు అందులో కొంతే. ఏ వీడియో తెరిచాం, ఎంతసేపు చూశాం, ఎవరికి పంపాం అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు యూట్యూబ్ 2012లోనే ఎంతమంది నొక్కారన్నదానికంటే ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో గూగుల్ ఇంజినీర్లు రాసిన పరిశోధన పత్రం ప్రకారం యూట్యూబ్‌లో ఈ పని రెండు దశల్లో జరిగేది. మొత్తం వీడియోల్లోంచి మనకు నప్పే కొన్ని వందలు ఏరడం మొదటిది, వాటిని వరసలో పెట్టడం రెండోది. మనం దేన్ని ఎంతసేపు చూస్తామన్న అంచనాతోనే అప్పట్లో ఆ వరస కుదిరేది.

ఏరేటప్పుడు మనలాంటివాళ్లు ఏం చూశారన్నదీ చూస్తుంది. సంక్రాంతి దగ్గరపడితే నాకు పందెం పుంజుల మేపు వీడియోలు తెగ వస్తాయి. నేను పందేల జోలికే పోను, ఎప్పుడూ వెతకలేదు కూడా. రొయ్యల వీడియోలు చూసే మా వైపు వాళ్లు అవీ చూస్తుంటారు కాబట్టి, ఇతనికీ నచ్చుతాయేమోనని నా ముందు పెడుతోందన్నమాట.

అసలు బాధ వేరే ఉంది. ఒక పంటలో వైట్ స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) అనుమానం వచ్చింది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటే గట్టు మీద కూర్చుని, తలపెంకు మీద మచ్చలు ఎలా ఉంటాయో వీడియోల్లో చూసుకున్నాను. ఆ తర్వాత యాప్ తెరిస్తే చాలు, చచ్చిన రొయ్యల గుట్టలు, ఫలానా మందు చల్లితే మూడు రోజుల్లో కంట్రోల్ అనే అరుపులు. వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చే జబ్బు, దాన్ని నయం చేసే మందు లేదు. కానీ భయంలో ఉన్నవాడు అలాంటి వీడియో చివరిదాకా చూస్తాడు. యాప్ దాన్ని ఇష్టం కింద రాసుకుంటుంది. టెన్షన్‌తో చూశాడా, పనికొచ్చి చూశాడా అన్నది చూసిన నిమిషాల లెక్కలో కనపడదు. లీజు చెరువులు చేసే చిన్న రైతులు అప్పు తెచ్చి మరీ ఆ మందులు కొంటుంటే నాకు కడుపు మండిపోతుంది.

‘ఆసక్తి లేదు’ నొక్కి చూశాను, పెద్దగా తగ్గలేదు. హిస్టరీలోంచి ఆ వీడియోలు తీసేసి, ఆ ఛానెళ్లు చూపించొద్దని పెట్టాకే తేడా తెలిసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న మొజిల్లా సంస్థ 2022లో యూట్యూబ్ మీద చేసిన అధ్యయనంలోనూ ‘ఆసక్తి లేదు’ మీట అక్కర్లేని సిఫార్సుల్లో 11 శాతమే ఆపగలిగింది. ఛానెల్‌నే వద్దంటే 43 శాతం ఆగాయి. అదీ సగం కూడా కాదు. ఇంట్లో పిల్లలు అదే ఫోన్ చూస్తుంటే వాళ్లకి వేరే అకౌంట్ పెట్టండి, లేకపోతే కార్టూన్లూ రొయ్యలూ కలగాపులగం అవుతాయి.

మొత్తానికి ఐదుకి మూడు ఇస్తాను. రెండు తగ్గించడానికి ఒక కారణం మందుల వీడియోలు, రెండోది రేట్లు. వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగేవి) ఇంత, ముప్పై కౌంట్ ఇంత అని రేటు చెప్పే కిందటేడాది వీడియో ఇవాళ పైన కనపడుతుంది. తేదీ ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రేపు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) పెట్టుకున్నవాడు అది నమ్మి బేరానికి కూర్చుంటే ఏం కావాలి? ధర చెప్పే వీడియో మీద తేదీ పెద్దగా వేయాలి, వారం దాటితే సిఫార్సుల్లోంచి తీసేయాలి. అంతవరకు రేటు కోసం నేను యాప్ తెరవను. ముందురోజు పట్టుబడి చేసిన రైతుకి ఫోన్ చేసి, ఏ కౌంట్‌కి ఎంత పడిందో అడుగుతాను.