ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకు: మిగిలిన పన్ను ఎటు పోయింది?

న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇళ్లలో "టెక్సాస్ వెళ్లిపోదామా, స్టేట్ ట్యాక్స్ లేదట" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మా ఇంట్లోనూ వచ్చింది. అక్కడి ఎడిసన్‌లో చాలా ఏళ్లు కాపురం చేసి, 2018లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోకు మారాం. రెండు చోట్లా బిల్లులు కట్టినవాడిగా నా తీర్పు ముందే చెప్పేస్తాను. డబ్బు మిగులుతుంది, కానీ పదిమందికీ చెప్పుకునేంత కాదు. ఇంట్లో కారు నడపనివారు ఉంటే ఆ మిగులును మళ్లీ మొదటినుంచి లెక్క కట్టుకోవాలి.

న్యూజెర్సీ ఆదాయపు పన్ను 1.4 శాతంతో మొదలై 10.75 శాతం దాకా పోతుంది. భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేసి, పన్ను పడే ఆదాయం 1.5 లక్షల డాలర్లుంటే రాష్ట్రానికి ఏటా 5,500 డాలర్లు కట్టాలి. టెక్సాస్‌లో అది సున్నా. ఆదాయపు పన్ను వేయకూడదన్న రాష్ట్ర రాజ్యాంగ సవరణకు 2019లో ఓటర్లు ఒప్పుకున్నారు కాబట్టి ఆ సున్నా ఇప్పట్లో కదిలేది కాదు. ఆస్తి పన్ను దగ్గరే కథ మారుతుంది. న్యూజెర్సీలో సగటు బిల్లు 2024లో 10,000 డాలర్లు దాటింది. ఫ్రిస్కోలో నగరం, కౌంటీ, బడులు అన్నీ కలిపి ఇంటి విలువలో 1.7 శాతం దరిదాపుల్లో పడుతుంది. సొంతంగా ఉంటున్న ఇంటికి బడి పన్నులో ఇచ్చే మినహాయింపు 2023లో లక్ష డాలర్లు అయింది, 2025లో 1.4 లక్షలకు పెరిగింది. కాబట్టి రేటు చూస్తే ఇక్కడే నయం. కానీ ఇక్కడికి వచ్చినవాళ్లు ఎడిసన్‌లోలా మూడు పడకగదుల పాత ఇంటితో సరిపెట్టుకోరు. మీడియా రూమ్ లేనిది ఇల్లే కాదంటారు. ఇల్లు పెద్దదైతే పన్నూ పెద్దదవుతుంది. ఇంకా ఉత్తరానికి పోయి కొత్త కాలనీల్లో కొనేవారు ఆ ఇల్లు మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పరిధిలో ఉందేమో ముందే కనుక్కోవాలి, దానికి వేరే పన్ను ఉంటుంది. కాలువలు, నీటి గొట్టాలు వేయడానికి తీసుకున్న అప్పును ఆ పన్ను ద్వారా మనమే తీర్చాలి. అది కలిస్తే మొత్తం 2.5 శాతం దాటిపోవచ్చు.

పైగా ఇక్కడ ఇంటి విలువను ఏటా కొత్తగా కడతారు. ఏప్రిల్‌లో నోటీసు వస్తుంది, సాధారణంగా మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవాలి. ఆ నెల్లాళ్లూ మా కాలనీ వాట్సాప్ బృందంలో పండగ శుభాకాంక్షల కన్నా పక్కింటి అమ్మకం ధరలే ఎక్కువ తిరుగుతాయి.

అసలు దెబ్బ బీమాలో ఉంది. ఉత్తర టెక్సాస్‌లో వసంతం వస్తే వడగళ్లు పడతాయి, పైకప్పు పాడవుతుంది. చాలా పాలసీల్లో గాలికీ వడగళ్లకూ వేరే డిడక్టిబుల్ (నష్టంలో ముందుగా మనమే భరించాల్సిన వాటా) ఉంటుంది, అదీ శాతాల్లో. 5 లక్షలకు బీమా చేసిన ఇంటికి 2 శాతం అంటే మొదటి 10,000 డాలర్లు మనవే. రెండేళ్ల స్టేట్ ట్యాక్స్ ఒక్క సాయంత్రంలో పోతుంది. దీనికితోడు ఇక్కడిది బంకమట్టి నేల, ఎండకు బీటలు తీసి పునాదిని కదిలిస్తుంది. అందుకని వేసవిలో ఇంటి చుట్టూ గొట్టం పరిచి, తులసికోటకు పోసినంత శ్రద్ధగా పునాదికి నీళ్లు పెడతాం. న్యూజెర్సీవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. వాళ్ల బేస్‌మెంట్లలోకి 2021 సెప్టెంబరులో ఐడా తుపాను నీళ్లు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అదే ఏడాది ఫిబ్రవరి మంచు తుపానును ఇక్కడివాళ్లు మరచిపోరు. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. టెక్సాస్ గ్రిడ్ చాలావరకు విడిగా ఉండడం వల్ల పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగింది కొద్దిగానే. రెండు రోజులు స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని ఒకే గదిలో గడిపాం. మామూలు రోజుల్లో చాలాచోట్ల కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవచ్చు, అది బాగుంది. కాకపోతే వెయ్యి యూనిట్లు దాటితేనే తగ్గింపు ఇచ్చే ప్లాన్లు చూసి జాగ్రత్తపడాలి. ఎక్కువ వాడిన నెలలో బిల్లు తగ్గి, పొదుపు చేసిన నెలలో పెరగడం విచిత్రంగా ఉంటుంది.

ఇక కారు సంగతి. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి ఓక్ ట్రీ రోడ్డుకు నడిచిపోయేవాళ్లం. కూరగాయలు, టిఫిన్, చీరలు, అన్నీ ఆ రోడ్డు మీదే దొరుకుతాయి. మా అమ్మ వచ్చినప్పుడు సాయంత్రం ఒంటరిగా వెళ్లి కొత్తిమీర తెచ్చేది, దారిలో ఇద్దరు ముగ్గురు గుంటూరువాళ్లను పలకరించి మరీ వచ్చేది. నేను మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్‌లో దిగేవాణ్ని. ఒక్క కారుతో ఇల్లు గడిచింది. ఫ్రిస్కోలో అమ్మ వారం తిరగకుండానే, "ఇల్లు బాగానే ఉందిరా, గుమ్మం దాటి ఎక్కడికి వెళ్లను?" అంది. నిజమే. ఫ్రిస్కో డాలస్ ప్రాంతపు డార్ట్ రవాణా వ్యవస్థలో సభ్యురాలు కాదు, సేల్స్ ట్యాక్స్‌లో ఆ వాటాను నగరం వేరే అభివృద్ధికి పెట్టుకుంటుంది. కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్త కోడళ్లకూ ఇదే ఇబ్బంది. లైసెన్సు చేతికి వచ్చేదాకా పెద్ద ఇంట్లో బందీలే. రెండో కారు, దాని బీమా, టోల్ రోడ్లు కలిపి వేసుకుంటే నేను ముందు చెప్పిన 5,500లో మిగిలేది కొద్దిగానే.

ఇంత చెప్పినా వెనక్కి వెళ్లే ఆలోచన లేదు. జనవరిలో పారతో మంచు తవ్వే పని తప్పింది. పిల్లలకు వీధి నిండా స్నేహితులున్నారు, మాకు ఉగాదికి నలభై మందిని పిలిచేంత హాలుంది. న్యూజెర్సీ వదిలొచ్చాక నాకు ఇప్పటికీ లోటనిపించేది అక్కడి పెట్రోలు బంకు. అక్కడ చట్టం ప్రకారం బంకు మనిషే పోయాలి కాబట్టి చలిలో అద్దం దించి కార్డు ఇస్తే చాలు. బట్టల మీద సేల్స్ ట్యాక్స్ లేకపోవడం రెండోది. ఇక్కడ 8.25 శాతం.

టెక్సాస్‌లో పదహారేళ్లకే లైసెన్సు వస్తుంది, న్యూజెర్సీలో పదిహేడు నిండాలి. మా అమ్మాయికి వచ్చే మార్చిలో పదహారు నిండుతాయి. బీమా ఏజెంటుకు ఫోన్ చేసి, ఆమె పేరు చేర్చితే ఎంతవుతుందో కనుక్కున్నాను. మూడో కారు గురించి ఇంట్లో చర్చ నడుస్తోంది.